ఈ ఊరు ఎవరి ఇలాకా?

పేదరికం వల్లే రాజ్యాలు కూలిపోతాయని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్ సంస్థానం చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. 1937 ఫిబ్రవరిలో అమెరికా వారపత్రిక టైమ్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బొమ్మను ముఖచిత్రంగా వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. ఆయన సంస్థానానికి సొంత నాణెం, సొంత తపాలా, సొంత రైలు, సొంత విశ్వవిద్యాలయం ఉండేవి. విస్తీర్ణం 82 వేల చదరపు మైళ్లకు పైమాటే. 1941 లెక్కల్లో జనాభా కోటీ అరవై మూడు లక్షలు. అలాంటి రాజ్యంలోకి 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం అడుగుపెట్టింది. 17వ తేదీ సాయంత్రం నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. రెండు వందల ఇరవై నాలుగేళ్ల ఏలుబడి ఐదు రోజుల్లో ముగిసింది.

పైకి గట్టిగా కనిపిస్తూ దెబ్బ తగలగానే పగిలిపోయే ఇలాంటివాటిని పెళుసు రాజ్యాలు అనవచ్చు. ఏ రాజ్యమైనా తన నేల అంతటా మూడు పనులు తానే చేయగలగాలి: పన్ను వసూలు, ఆయుధం మీద అదుపు, తగవులకు తీర్పు. ఈ మూడూ ఒక్క చేతిలో లేకుండా పలువురి చేతుల్లో చీలిపోయి ఉంటే, ఖజానా ఎంత నిండుగా ఉన్నా రాజ్యం కుదురుకోదు. 1991 నుంచి సోమాలియా, 2011లో పుట్టి రెండేళ్లకే అంతర్యుద్ధంలో పడిన దక్షిణ సూడాన్, ఇరవై ఏళ్లు విదేశీ సైన్యం అండ ఉండి కూడా 2021 ఆగస్టులో రోజుల వ్యవధిలో కూలిన అఫ్గాన్ ప్రభుత్వం అందరికీ తెలిసిన ఉదాహరణలు. అయితే ఆ చీలిక ఎలా పుడుతుందో, ఎందుకు అంత తేలిగ్గా మానదో తెలుసుకోవడానికి తెలుగు పాఠకుడు అంత దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ నుంచి తాండూరు వెళ్లే రైలు దారి చాలు.

పేరులోనే ఉన్న చరిత్ర

వికారాబాద్ పేరు వికారుల్ ఉమ్రా అనే పాయిగా ప్రభువుది. పాయిగాలు నిజాం తర్వాత అంతటివారు. రెండో నిజాం అలీఖాన్ కాలంలో అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్‌తో ఈ వంశం పైకి వచ్చింది. నిజాం సొంత ఆశ్విక దళాన్ని పోషించడం వీరి విధి. ఆ ఖర్చు కోసం ఇచ్చిన జాగీర్లే పాయిగా ఇలాకాలు. ఆ తర్వాత నిజాంల ఆడపడుచులను పెళ్లాడి ఈ వంశం రాజకుటుంబంలో భాగమైపోయింది. 1881 తర్వాత ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రాల పేర మూడు పాయిగాలు స్థిరపడ్డాయి. మూడూ కలిపి నాలుగు వేల చదరపు మైళ్లు దాటేవి. వారి ఇలాకాలో శిస్తు వారిదే, పోలీసులు వారివాళ్లే, కోర్టులు వారివే. ఫలక్‌నుమా మహల్ కట్టించింది కూడా ఈ వికారుల్ ఉమ్రానే. 1893 నుంచి 1901 దాకా సంస్థానానికి ప్రధానిగా ఉన్నదీ ఆయనే.

ఈ చివరి సంగతి దగ్గర కాస్త ఆగాలి. రాజ్యమంతటా ఒకే పన్ను, ఒకే పోలీసు, ఒకే న్యాయం తేవలసిన ప్రధాని స్వయంగా ఆ రాజ్యం చట్టాలకు బయట ఉన్న ఇలాకాకు యజమాని. తన కుర్చీని బలపరచుకోవాలంటే తన జాగీరును తానే పలుచన చేసుకోవాలి. అలా చేసే మనిషి ఏ దేశంలోనూ సులభంగా దొరకడు. ఆయన మంచివాడా కాదా అన్న ప్రశ్న ఇక్కడ అవసరం లేదు. చీలిన అధికారం వల్ల లాభపడేవాళ్లే దాన్ని ఒక్కటి చేయాల్సిన చోట కూర్చోవడం పెళుసు రాజ్యాలన్నిటికీ పట్టిన మొదటి జబ్బు.

సంస్థానం నేలలో సుమారు అరవై శాతం మాత్రమే దివానీ, అంటే ప్రభుత్వం నేరుగా పాలించే భాగం. పది శాతం దాకా సర్ఫెఖాస్. దాని రాబడి నిజాం సొంత ఖర్చుకు పోయేది. మిగతా ముప్పై శాతం పాయిగాలు, జాగీర్లు, సంస్థానాలు. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా సర్ఫెఖాస్ జిల్లా. అది దాటి పడమటికి వస్తే పాయిగా ఊళ్లు. రైలు పట్టాల వెంబడి నేల మీద న్యాయాధికారం బ్రిటిషువారిది. ఒక దొంగ పట్టాలు దాటి పొలంలోకి దూకితే ఒక రాజ్యం చేతిలోంచి ఇంకో రాజ్యం చేతిలో పడినట్టే. అందుకే ఆ కాలంలో ఊరి పేరు చెప్పగానే అడిగే ప్రశ్న, అది ఎవరి ఇలాకా అని.

వారసత్వం, అప్పు

ఈ చీలిక పుట్టుకతోనే వచ్చింది. 1724లో షకర్‌ఖేడా దగ్గర ముబారిజ్ ఖాన్‌ను ఓడించి దక్కనును చేజిక్కించుకున్న తొలి నిజాం మీర్ ఖమ్రుద్దీన్ పేరుకు మొగల్ చక్రవర్తి సుబేదారుగానే మిగిలాడు. స్వతంత్ర రాజ్యమని ప్రకటించలేదు, ఎవరి తర్వాత ఎవరు గద్దె ఎక్కాలో నియమం పెట్టలేదు. 1748లో ఆయన కన్నుమూశాక కొడుకు నాసిర్ జంగ్ 1750లో, మనవడు ముజఫర్ జంగ్ 1751లో హతులయ్యారు. ఒకరి వెనుక ఫ్రెంచివారు, ఇంకొకరి వెనుక ఇంగ్లీషువారు నిలబడ్డారు. సింహాసనం కోసం బయటివారి తుపాకులు అరువు తెచ్చుకున్న ప్రతిసారీ నేలతో బదులు తీర్చాల్సి వచ్చింది. ఉత్తర సర్కారులు ముందు ఫ్రెంచివారికి, 1766 ఒప్పందంతో ఇంగ్లీషు కంపెనీకి పోయాయి. 1798లో సైన్య సహకార ఒప్పందం కుదిరింది. 1800లో ఆ సైన్యం ఖర్చుల కింద కడప, బళ్లారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు దత్తమండలాలయ్యాయి.

సైన్య సహకార ఒప్పందం నిజాముకు రెండు మేళ్లు చేసింది. బయట మరాఠాలు, మైసూరు నుంచి భయం పోయింది. ఇంట్లో తిరుగుబాటు వస్తుందన్న భయం కూడా తగ్గింది. కానీ రాజ్యాలు గట్టిపడేది ఆ భయాల వల్లే. సొంత సైన్యం నిలబెట్టుకోవాలంటే పన్ను కావాలి, పన్ను కావాలంటే ఇచ్చేవారి మాట వినాలి. ఐరోపాలో చట్టసభలు చాలావరకు ఈ బేరంలోంచే పుట్టాయి. కంపెనీ బలగం గుమ్మంలో నిలబడి ఉండగా నిజాముకు రైతుతో బేరం అవసరం లేకపోయింది. దక్షిణ సూడాన్ పాలకులకు చమురు సొమ్ము, కాబూల్ పాలకులకు విదేశీ సాయం ఇదే వెసులుబాటు ఇచ్చాయి. దీనికి భిన్నమైన ఉదాహరణ సోమాలీలాండ్. 1991 తర్వాత బయటి ప్రపంచం గుర్తించని, పెద్దగా సొమ్ము పంపని ఆ ప్రాంతంలో తెగల పెద్దలు నెలల తరబడి కూర్చుని, 1993లో బోరమా సభలో అధికారం ఎలా పంచుకోవాలో తేల్చుకున్నారు. మిగతా సోమాలియా కంటే అది ప్రశాంతంగా ఉండడానికి ఆ సుదీర్ఘ సంప్రదింపులు ముఖ్య కారణం.

హైదరాబాదులో ఆ సంప్రదింపుల స్థానంలోకి అప్పు వచ్చింది. దర్బారులో కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంట్ హెన్రీ రస్సెల్ చొరవతో ఒప్పందంలో లేని మరో సైన్యం తయారైంది. అదే తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అయింది. అధికారులు ఆంగ్లేయులు, జీతాలు నిజాం ఖజానావి. పేష్కారు చందూలాల్ 1806 నుంచి 1843 దాకా ఏదో ఒక హోదాలో ఖజానా తాళాలు పట్టుకున్నాడు. జీతాలకు డబ్బు చాలక విలియం పామర్ కంపెనీ దగ్గర నూటికి ఇరవై దాటిన వడ్డీకి అప్పులు తెచ్చాడు. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ పెంచిన అమ్మాయి భర్త ఆ కంపెనీలో భాగస్వామి. 1820లో రాసుకున్న 60 లక్షల అప్పులో కొంత సొమ్ము సర్కారు చేతికి రానే లేదని తర్వాత వచ్చిన రెసిడెంట్ చార్లెస్ మెట్కాఫ్ బయటపెట్టాడు. ఆ బాకీ తీర్చడానికి 1823లో కంపెనీ ప్రభుత్వం ఉత్తర సర్కారుల పేరున నిజాముకు ఏటా చెల్లించాల్సిన ఏడు లక్షల పేష్కషును శాశ్వతంగా రద్దు చేసి, ఒకేసారి కోటీ పదహారు లక్షలకు పైగా లెక్కగట్టింది. రాజ్యానికి ఎప్పటికీ రావాల్సిన రాబడి ఒక వడ్డీ వ్యాపార సంస్థ లెక్కలు తేల్చడానికి కరిగిపోయింది. సరిగ్గా అదే దశాబ్దంలో, 1825లో, బానిసత్వం తెంచుకున్న హైతీ మీద ఫ్రాన్స్ 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం మోపింది. దాన్నీ, దానికోసం చేసిన అప్పులనూ హైతీ 1947 దాకా కడుతూనే ఉంది. కొత్త రాజ్యం బడి, ఆసుపత్రి కట్టాల్సిన కాలంలో పాత బాకీ కడుతూ గడిపితే దానికి లేత వయసులోనే నడుం వంగిపోతుంది.

అప్పులిచ్చిన మరో వర్గం కిరాయి దళాల నాయకులైన అరబ్బు, రోహిల్లా జమేదార్లు. జీతం బకాయిలకు బదులు తాలూకాలనే తనఖా పట్టుకున్నారు. శిస్తు వాళ్లే వసూలు చేశారు. కట్టలేనివారిని సొంత ఖైదుల్లో పెట్టారు. మిగతా చోట్ల తాలూకాలు గుత్తకు పోయేవి. ఎక్కువ పాట పాడినవాడిదే తాలూకా. ఏడాది తిరిగేలోగా ఇంకెవరో పెద్ద పాట పాడవచ్చు కాబట్టి ఉన్నన్నాళ్లూ పిండుకోవడమే వాడి లెక్క. చెరువు పూడిక తీయించడం, పంట పోయినప్పుడు శిస్తు తగ్గించడం వాడికి నష్టం. కూలిన బావికి, పాడుబడిన ఊరికి రైతు సోమరితనం కారణమని ఆనాటి దొరలు రాసుకున్నారు. వాళ్లు చూడాల్సింది ఆ గుత్త కాగితాన్ని.

మెట్కాఫ్ దీన్ని చక్కదిద్దాలని చూశాడు. తాలూకాల మీద ఐరోపా అధికారులను పెట్టి, శిస్తు ముందుగా నిర్ణయించి, అంతకు మించి వసూలు చేయకుండా కాపలా కాయించాడు. కొన్ని చోట్ల వదిలిపోయిన ఊళ్లకు జనం తిరిగొచ్చారు. 1829లో గద్దెనెక్కిన నాసిరుద్దౌలా తన రాజ్యంలో బయటివారి పెత్తనం వద్దన్నాడు. గవర్నర్ జనరల్ బెంటింక్ ఒప్పుకున్నాడు. అధికారులు వెనక్కి వెళ్లారు, గుత్తదార్లు తిరిగొచ్చారు. బయటివాడు నిలబెట్టిన సంస్కరణ బయటివాడు ఉన్నంతసేపే నిలిచింది. దాన్ని కాపాడుకోవడంలో లాభం ఉన్నవాళ్లు, అంటే రైతులు, దర్బారులో ఒక్కరూ లేరు. నాసిరుద్దౌలా కోరిక తప్పని అనలేం. తన నేల మీద పరాయి అధికారి శిస్తు రాస్తుంటే ఏ పాలకుడికైనా మనసు నొచ్చుకుంటుంది. రాజు ఆత్మగౌరవం ఒకవైపు, రైతు బతుకు ఇంకోవైపు నిలబడాల్సి రావడం ఆ రాజ్యానికి పట్టిన దుర్గతి.

సాలార్ జంగ్ ముప్పై ఏళ్లు

1853లో కంటింజెంట్ బాకీల కింద బీరారు, రాయచూరు దోఆబ్, ధారాశివ్ ప్రాంతాలు డల్హౌసీ చేతిలోకి పోయాయి. ఆ ఒప్పందం మీద సంతకమైన కొద్ది రోజులకే దివాన్ సిరాజుల్ ముల్క్ మరణించాడు. ఆయన సోదరుడి కొడుకు మీర్ తురాబ్ అలీఖాన్ 24 ఏళ్ల వయసులో దివానయ్యాడు. చరిత్ర ఆయన్ను మొదటి సాలార్ జంగ్‌గా ఎరుగును. పెళుసు రాజ్యం గట్టిపడగలదా అన్న ప్రశ్నకు ఆయన పాలన మంచి జవాబు, అదే సమయంలో బాధాకరమైన జవాబు.

ఆయన జమేదార్ల మీదికి సైన్యాన్ని పంపలేదు. పంపడానికి నమ్మదగ్గ సైన్యం లేదు. తక్కువ వడ్డీకి కొత్త అప్పు తెచ్చి, తనఖాలో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించాడు. గుత్తలు తీసేసి జీతం తీసుకునే తాలూక్‌దార్లను పెట్టాడు. 1865లో జిలాబందీ చేసి దివానీ నేలను జిల్లాలుగా విడదీశాడు. తర్వాత పోలీసు శాఖ, కోర్టుల వరస, హాలీ సిక్కా నాణేనికి ఒకే టంకశాల, 1870లలో భూమి కొలతలు వచ్చాయి. ఆనాటి పట్వారీ, పటేలు, తహసీలు అన్న మాటలు తెలంగాణ పల్లె నోట 1980ల దాకా మెదిలాయి. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు సాలార్ జంగ్ కంపెనీ పక్షాన నిలిచాడు. దానికి ప్రతిఫలంగా 1860లో రాయచూరు, ధారాశివ్ తిరిగొచ్చాయి, 50 లక్షల బాకీ మాఫీ అయింది. బీరారు మాత్రం రాలేదు.

1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా రైలు నడిచింది. వికారాబాద్, తాండూరు ఆ దారిలో పడ్డాయి. తాండూరు నాపరాయి, కందులు దూరపు మార్కెట్లకు చేరే తోవ అప్పుడే తెరుచుకుంది. రైలు పెట్టుబడి మాత్రం మరో పాఠం నేర్పింది. చాందా దాకా లైను వేసేందుకు లండన్ కంపెనీకి లాభమొచ్చినా రాకున్నా ఖజానా నుంచి వడ్డీ చెల్లిస్తామన్న హామీతో 1883లో ఒప్పందం తయారైంది. నగరంలోని చదువుకున్నవారు కొందరు దాని వివరాలు బయటపెట్టమని అడిగారు. వారిలో ఒకరైన అఘోరనాథ్ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. ప్రజల డబ్బు గురించి ప్రజల్లోంచి వచ్చిన తొలి ప్రశ్నకు సంస్థానం ఇచ్చిన జవాబు అది.

సాలార్ జంగ్ కట్టినదంతా దివానీ సరిహద్దు దగ్గర ఆగిపోయింది. పాయిగాల్లోకి ఆయన తహసీల్దారు పోలేడు. సర్ఫెఖాస్‌లోకీ పోలేడు. 1876లో లండన్ వెళ్లి బీరారు తిరిగిమ్మని అడిగినందుకు బ్రిటిషు ప్రభుత్వానికి ఆయన మీద కోపం వచ్చింది. ఆయన్ను అదుపులో పెట్టడానికి 1877లో తోటి రీజెంటుగా పాయిగా ప్రభువు రషీదుద్దీన్ ఖాన్‌ను నిలబెట్టింది. ఈ రషీదుద్దీన్ కొడుకే వికారుల్ ఉమ్రా. జాగీర్లను కదిలించే అవకాశం ఆ రోజుతో పూర్తిగా మూసుకుపోయింది. 1883 ఫిబ్రవరిలో సాలార్ జంగ్ కలరాతో చనిపోయాడు. పరిపాలన నడపడానికి ఆయన ఉత్తరాది నుంచి పిలిపించిన చదువరులు మిగిలారు. ఆ కొలువులు తమకెందుకు దక్కవన్న స్థానికుల కడుపుమంట కూడా మిగిలింది. ముల్కీ, గైర్ ముల్కీ అన్న రెండు మాటలు అక్కడి నుంచి 1952, 1969 ఉద్యమాల దాకా నడిచొచ్చాయి.

నగరానికి ఆనకట్ట, పల్లెకు వెట్టి

మూసీ వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో పుడుతుంది. 1908 సెప్టెంబరు 28న అది పొంగి హైదరాబాదులో వేల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత సర్కారు చేసిన పని ఏ బలమైన రాజ్యానికీ తీసిపోదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి పథకం వేయించింది. 1912లో నగర అభివృద్ధి మండలి పెట్టింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తిచేసింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తెరిచింది. ఆసుపత్రి, హైకోర్టు భవనాలు కట్టింది. నగరంలో తలెత్తి చూస్తే రాజ్యం కనిపించేది.

అదే నది పుట్టిన కొండల చుట్టూ ఉన్న పల్లెల్లో రాజ్యమంటే పటేలు, పట్వారీ, దేశ్‌ముఖ్. అధికారి ఊళ్లోకొస్తే బండి కట్టాలి, కట్టెలు కొట్టాలి, నీళ్లు మోయాలి, కోడి ఇవ్వాలి. కూలి అడగకూడదు. వెట్టి కూడదని ఫర్మానాలు వచ్చాయి. వాటిని అమలు చేయాల్సిన చేతులే వెట్టి చేయించుకునే చేతులు. బలహీన రాజ్యాల్లో చట్టం లేకపోవడం అరుదు. చట్టం రాసిన గదికీ అది చేరాల్సిన గడపకూ మధ్య దారి తెగి ఉంటుంది. పల్లె మనిషి ఆ తెగిన దారి అంచున నిలబడి తరాలు గడిపాడు. నేలను, నీటిని, మనిషి చెమటను ఉచితంగా వాడుకున్న ఆ వ్యవస్థ మీద ఎంత కోపం వచ్చినా తక్కువే.

చదువూ అంతే. పాలకుల భాష 1884 దాకా ఫారసీ, తర్వాత ఉర్దూ. ప్రజల్లో దాదాపు సగం తెలుగువారు, పావువంతు మరాఠీవారు, మిగతావారిలో కన్నడిగులు, ఉర్దూ మాట్లాడేవారు. తాండూరు గుల్బర్గా జిల్లాలో ఉండేది. అక్కడి బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపించేవి. కచేరీ కాగితం మాత్రం ఒక్క ఉర్దూలోనే ఉండేది. తన భూమి పత్రం తాను చదవలేని రైతుకు ఆ పత్రం ఇచ్చిన రాజ్యం మీద నమ్మకం ఎలా కుదురుతుంది? 1921లో మాడపాటి హనుమంతరావు తదితరులు ఆంధ్ర జనసంఘం పెట్టారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి నిజాం ఆంధ్ర మహాసభ జరిగింది. మరాఠీ, కన్నడ ప్రాంతాలవారు వేరుగా పరిషత్తులు పెట్టుకున్నారు. ఇవన్నీ మొదట్లో గ్రంథాలయాలు, బడులు, వెట్టి రద్దు లాంటి చిన్న కోరికలే అడిగాయి. 1938లో రాష్ట్ర కాంగ్రెసును పుట్టకముందే నిషేధించారు. సంస్కరణల కోసం వేసిన అరవముదు అయ్యంగార్ సంఘం సిఫారసులు అమలయ్యేసరికి 1946 వచ్చింది. అప్పటికి కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుళ్లకు ఒరిగిపోయాడు, నల్లగొండ, వరంగల్ పల్లెలు తిరగబడ్డాయి.

ఆసరా తీసేసిన రోజు

1947 ఆగస్టులో బ్రిటిషువారు వెళ్లిపోవడంతో సంస్థానాన్ని నూట యాభై ఏళ్లు నిలబెట్టిన కర్ర జారిపోయింది. నిజాం నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక చేసుకున్నాడు. ఆ ఏడాది గడువులో ప్రజలతో రాజీ కుదుర్చుకునే దారి ఇంకా ఉంది. కానీ రాజీ కుదర్చగలిగే సభ లేదు, ప్రజా నాయకులు జైళ్లలోనో పొరుగు రాష్ట్రాల్లోనో ఉన్నారు. ఖాళీ అయిన ఆ చోటును కాసిం రజ్వీ రజాకార్లు ఆక్రమించారు. రాజ్యపు సైన్యం పక్కన, దాని లెక్కల్లో లేని మరో సాయుధ దళం ఊళ్ల మీద పడింది. వంద ఏళ్ల కిందటి అరబ్బు జమేదార్లను సాలార్ జంగ్ కష్టపడి వదిలించాడు. ఆయన వారసులు కొత్తవాళ్లను చేరదీశారు. భారత్‌లో కలవాలని రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నగరం నడివీధిలో నరికి చంపారు. తుపాకీ మీద గుత్తాధిపత్యం పోగొట్టుకున్న రాజ్యం తన మేలు కోరినవాడిని కూడా కాపాడలేకపోయింది.

సైనిక చర్య ఐదు రోజుల్లో ముగిసింది కానీ, దాని వెనక వచ్చిన హింస అంతటితో ముగియలేదు. ముస్లింలపై జరిగిన దాడులను విచారించిన పండిత్ సుందర్‌లాల్ సంఘం సంస్థానమంతటా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువగా నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఆ నివేదిక ఆరు దశాబ్దాలు బయటికి రాలేదు. పాత అధికారం పడిపోయి కొత్తది ఇంకా ఊరి దాకా చేరని ఆ కొన్ని వారాలు సామాన్యులకు అన్నిటికంటే ప్రమాదకరమైనవని లెబనాన్, ఇరాక్ చరిత్రలు కూడా చెబుతాయి. చనిపోయినవారిలో అత్యధికులకు నిజాం రాజకీయంతోగానీ, రజ్వీతోగానీ ఏ సంబంధమూ లేదు.

ఆ తర్వాత సంస్థానం కుదురుకున్న తీరు గమనించదగ్గది. 1949 ఫిబ్రవరిలో సర్ఫెఖాస్ దివానీలో కలిసిపోయింది. అదే ఏడాది ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనం వచ్చింది. పాయిగా పోలీసు, పాయిగా కోర్టు ఆ కలం పోటుతో పోయాయి. జాగీర్దార్లకు పరిహారం వాయిదాల్లో చెల్లించారు. సాలార్ జంగ్ ముప్పై ఏళ్లలో చేయలేని పని కొద్ది నెలల్లో అయింది. దానికి ఒక కారణం వెనక పెద్ద దేశపు సైన్యం, ఖజానా ఉండడం. రెండోది, ఆ దేశం 1952లో ఎన్నికలు పెట్టి అధికారాన్ని స్థానికులకే అప్పగించడం. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. పాయిగా ఊరైన వికారాబాద్ నుంచి, ఆ ప్రాంతానికే చెందిన మర్రి చెన్నారెడ్డి గెలిచి ఆయన మంత్రివర్గంలో చేరారు. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులనే కొత్త హక్కుదారులను సృష్టించింది. ఆయుధం పట్టిన కమ్యూనిస్టులు 1951 అక్టోబరులో పోరాటం విరమించి మరుసటి ఏడాది ఓట్లు అడిగారు. మెట్కాఫ్ అధికారుల వెనక లేనిదీ, కాబూల్‌కు దొరకనిదీ ఇదే: సంస్కరణ వెనక్కి పోతే నష్టపోయే లక్షల మంది చేతుల్లో ఓటు.

అయినా అది పదేళ్లలో తేలిపోయే పని కాదు. 2011లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన ప్రపంచ అభివృద్ధి నివేదిక గత శతాబ్దంలో అందరికంటే వేగంగా మారిన దేశాలను లెక్కవేసింది. రాజకీయాల్లోంచి సైన్యాన్ని బయటికి పంపడానికి వాటికే సగటున 17 ఏళ్లు, పనిచేసే ఉద్యోగ వ్యవస్థకు 20 ఏళ్లు, అవినీతిని అదుపు చేయడానికి 27 ఏళ్లు పట్టాయి. తెలంగాణలోనూ ముల్కీ గొడవ 1952లో రాజుకుంది, 1969లో భగ్గుమంది. ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన చెన్నారెడ్డి జీవితంలో దానికి ముందు ఇంకో ఘట్టం ఉంది. 1967లో తాండూరు నుంచి ఆయన గెలిచిన ఎన్నికను ప్రత్యర్థి వందేమాతరం రామచంద్రరావు కోర్టులో సవాలు చేశారు. 1968లో ఎన్నిక రద్దయింది. ఆయన కేంద్రమంత్రి పదవి వదులుకున్నారు. ఒక ఓడిన అభ్యర్థి వేసిన పిటిషన్‌కు ఢిల్లీలోని మంత్రి తలవంచాల్సి రావడం, అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి వెళ్లగొట్టిన 85 ఏళ్లకు ఇదే నేల మీద జరిగింది. ఆ తర్వాత ఆయన నడిపిన తెలంగాణ ప్రజాసమితి 1971లో పది లోక్‌సభ స్థానాలు గెలిచింది. 1969లో వీధుల్లో నెత్తురు చిందించిన కోరిక మళ్లీ ఓటు పెట్టెలోకి వచ్చింది, చివరికి 2014 జూన్ 2న నెరవేరింది.

తాండూరు 1956 నవంబరు 1న గుల్బర్గా జిల్లా నుంచి విడిపోయి హైదరాబాద్ జిల్లాలో చేరింది. 1978లో రంగారెడ్డి జిల్లాలోకి, 2016 అక్టోబరులో కొత్తగా ఏర్పడిన వికారాబాద్ జిల్లాలోకి మారింది. అరవై ఏళ్లలో జిల్లా మూడు సార్లు మారినా ఎవరూ కత్తి దూయలేదు. పాత పటం మాత్రం భూమి కాగితాల్లో ఇంకా బతికే ఉంది. రక్షిత కౌలుదారు వారసులు 1950ల నాటి ఖాస్రా పహాణి నకళ్లు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు. ఖుర్షీద్ జా పాయిగా వారసులు పంపకాల కోసం వేసిన 1958 నాటి 14వ నంబరు దావా హైదరాబాద్ చుట్టుపక్కల భూముల మీద దశాబ్దాలుగా నడుస్తూ వచ్చింది. ఆ దావాల్లో వాదనలు ఎన్ని మలుపులు తిరిగినా మొదట తేలాల్సింది ఒక్కటే. 1948కి ముందు ఆ సర్వే నంబరు దివానీదా, సర్ఫెఖాస్‌దా, పాయిగాదా అని.